లైబ్రరీ వెనక సందు

ఆ వేసవి మొదట్లో ఒక సాయంత్రం యూనివర్సిటీ లైబ్రేరియన్ గారు మా ఇంటికి వచ్చారు. మా ఆయన వడ్రంగి. ఇంటి ముందు గది ఆయన పనిచోటే. చెక్కపేళ్ల మధ్యనున్న ఒక్క కుర్చీనీ గుడ్డతో తుడిచి వేస్తే, లైబ్రేరియన్ గారు కూర్చుని టీ తాగుతూ తన లైబ్రరీ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకొచ్చారు. బక్కపలచని మనిషి. తన హాస్యానికి తనే ముందు నవ్వేవారు.

"మొదట గుర్రపుశాల మీద అటకండీ మన లైబ్రరీ! రెండు బీరువాలు. ఏ పుస్తకం తెరిచినా గడ్డి వాసన వచ్చేదట. తర్వాత పాత కోర్టు భవనం ఇచ్చారు. ముద్దాయి నిలబడే బోను ఉందా, అందులో నిఘంటువులు పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మాటకు అర్థం కావాలంటే ఎంతటివాడైనా బోనెక్కాల్సిందే."

మేం నవ్వాం. ఆయన మాత్రం మధ్యలో ఆపేశారు.

"కిందటి వానలకు రెండు గదుల పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి మేస్త్రీ గారూ. తాళ్లు కట్టి బట్టలు ఆరేసినట్టు ఆరేశాం. సగానికి సగం బతకలేదు" అన్నారు. ఇంట్లో మనుషులు పోతే చెప్పినట్టే చెప్పారు.

ఆ లైబ్రరీ సంగతి మాకు తెలియంది కాదు. మా అమ్మాయి ఆ ఏడే యూనివర్సిటీలో చేరింది. లోపల కూర్చోను చోటు దొరక్క మెట్ల మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుకొచ్చేది. మెట్లమీద కూడా తొందరగా వెళ్లినవాళ్లకే చోటు.

"కొత్త భవనానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. స్థలమే కుదరాలి. వెనక సందు ఒక్కటే దారి" అన్నారాయన.

మా ఆయన చేతిలో చిత్రిక ఆగిపోయింది. ఆ సందులోనే ఆయన అక్కయ్య ఇల్లు.

"అందరికీ ఊరి చివర గదులు కట్టిస్తున్నాం. బలవంతంగా ఖాళీ చేయించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. మీ అక్కయ్యగారంటే ఆ సందులో అందరికీ గురి. ఆవిడ కదిలితే మిగతావాళ్లూ కదులుతారు."

తర్వాత ఇంకో టీ అడిగారు. ఎండల గురించి మాట్లాడారు. మా అమ్మాయి ఏం చదువుతోందో కనుక్కున్నారు. లేచి గుమ్మం దాకా వెళ్లాక, అప్పుడే గుర్తొచ్చినట్టు, "రీడింగ్ హాలుకి బల్లలు, కుర్చీలు, అరలు, చాలా పని ఉంటుంది. నమ్మకమైన చేతికే ఇవ్వాలని నా కోరిక" అన్నారు.

ఆ రెండు మాటలనూ ఆయన పక్కపక్కన పెట్టలేదు. మేమూ పెట్టలేదు. రెడీమేడ్ సామాను దుకాణాలు వచ్చాక మా ఇంట్లో రంపం చప్పుడు వినబడని వారాలు ఎక్కువైపోయిన రోజులవి. ఆయన వెళ్లిపోయాక, నున్నగా చిత్రిక పట్టిన చెక్కనే మా ఆయన మళ్లీ చిత్రిక పడుతూ కూర్చున్నారు.

ఆ ఆదివారం ఇద్దరం వదిన దగ్గరికి వెళ్లాం.

ఆ సందు ఎంత ఇరుకంటే, ఒక ఇంట్లో ఉప్పు అయిపోతే ఎదురింటి కిటికీలోంచి చెయ్యి చాపి ఇచ్చేవారు. వదిన ఇల్లు సరిగ్గా మధ్యలో. కిటికీ పక్కన కుట్టుమిషను. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మా ఆయన్ని పెంచింది ఆవిడే. ఆ సందు పిల్లల యూనిఫాంలన్నీ ఆవిడ చేతి కుట్టే. మనుషుల తగాదాలూ ఆవిడ మిషను పక్కనే తీరేవి.

మా ఆయన చుట్టూ తిరిగి మొదలుపెట్టారు. "ఇల్లు బాగా పాతబడింది కదక్కా."

"నాకన్నా పాతది కాదులేరా" అంది వదిన మిషను ఆపకుండానే.

"అది కాదు... గోడలు చెమ్మ పట్టాయి. నీకు మోకాళ్ల నొప్పులు."

"గోడల చెమ్మకీ నా మోకాళ్లకీ ఏం చుట్టరికం? అసలు సంగతి చెప్పు."

ఆయన లేచారు. ఇప్పుడే వస్తానని బయటికి వెళ్లి గడియారాల తాతతో కబుర్లలో పడ్డారు. తాత ఆ సందు మొదట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన. కంట్లో భూతద్దం పెట్టుకునే అందరితో మాట్లాడేవాడు.

మేమిద్దరమే మిగిలాం. ఆయన అనలేనిది నేను అన్నాను.

"వదినా, మా ఇంటికి వచ్చేయండి. మీకు లోపలి గది ఇస్తాం. లైబ్రరీ వాళ్లు ఎలాగూ ఈ సందు తీసుకునేట్టే ఉన్నారు. మీరు ముందు సరేనంటే మీ తమ్ముడికి కాస్త పని దొరుకుతుంది. అమ్మాయి చూడండి, మెట్ల మీద చదువుకుంటోంది."

మిషను ఆగింది. "వాడు అడగమన్నాడా, నువ్వే అడుగుతున్నావా?"

"నేనే."

వదిన నా మొహంలోకి చూసింది. తర్వాత దారాన్ని పంటితో కొరికి, గుడ్డ తిప్పి, "సరేలే పిల్లా" అంది.

అంతే. చెప్పాలని మూటగట్టుకొచ్చిన మాటలు నా దగ్గర అలాగే మిగిలిపోయాయి. బయటికొచ్చి "ఒప్పుకున్నారు" అంటే మా ఆయన తల ఊపారు. ఎలా ఒప్పుకుందని అడగలేదు.

వదిన యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టిన పక్షం రోజుల్లో మిగతా ఇళ్లవాళ్లూ ఒకరొకరే పెట్టేశారు. ఆవిడే వెళ్లిపోతుంటే ఇంక నిలబడి ఏం లాభం అనుకున్నారు. ఆఖరున పెట్టింది గడియారాల తాత. సామాన్ల బండి మా ఇంటికి బయలుదేరుతుంటే ఎదురొచ్చి, "సంతకం పెట్టేముందు మాతో ఒక్క మాట అనుండాల్సిందమ్మా" అన్నాడు. వదిన ఏదో అనబోయి ఊరుకుంది. బండి పట్టుకుని నడుస్తున్న మా ఆయన తాళ్లు మరింత బిగించి కట్టారు.

బల్లల పని మాకే వచ్చింది. ఇల్లంతా కలప నిండిపోయింది. అన్నం గిన్నెలో కూడా రంపపు పొట్టే. పొద్దున లేచింది మొదలు నేనూ శాండ్ పేపర్ పట్టుకుని రుద్దేదాన్ని. మా ఆయన పదేళ్లు చిన్నవారైనట్టు కనిపించారు. పని చేస్తూ కూనిరాగాలు తీసేవారు. లోపలి గదిలో వదిన ఉందన్న సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం రాగం మధ్యలో తెగిపోయేది.

వదిన మిషను గోడవైపు తిరిగి ఉండేది, ఆ గదికి కిటికీ లేదు కాబట్టి. మొదట్లో ఆవిడ రోజూ మిషనుకి నూనె వేసి, గుడ్డతో తుడిచి, కూర్చునేది. కుట్టించుకోవడానికి ఎవరూ రాలేదు. సందు జనం దూరం పోయారు కదా, ఎండల్లో ఏం వస్తారులే అనుకున్నాం. అది కాదని ఒకరోజు ఆవిడే చెప్పింది. బజారు నుంచి వచ్చి, భోజనాల దగ్గర కూర్చుని, నవ్వుతూ చెప్పింది.

"మా పక్కింటావిడ కనిపించిందే. నన్ను చూడగానే రోడ్డు దాటి అటు వెళ్లిపోయింది. మొన్న ఇంకొకావిడా అంతే. మా సందువాళ్లకి ఉన్నట్టుండి రోడ్డుకి అటుపక్కంటే మోజు పుట్టింది."

మా అమ్మాయి నవ్వలేదు. "ఎందుకత్తా?" అంది.

"లైబ్రరీవాళ్లు నాకు లోపాయికారీగా ఏదో ముట్టజెప్పారట. అందరినీ అమ్మేశానట. ఎంతకి అమ్మానో కనుక్కుని చెప్తే బాగుండు, నేనూ లెక్క చూసుకుంటాను."

మా ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. వదిన ఆయన కంచంలోకి మరికొంత కూర వేసి, "తినరా, చల్లారిపోతోంది" అంది.

తర్వాత ఆయన్ని పెరట్లోకి పిలిచి అన్నాను. "మీరు వెళ్లి వాళ్లకి చెప్పండి. మనం అడిగితేనే ఒప్పుకుందని చెప్పండి."

"చెప్తాను. ముందు ఈ బల్లలు పెట్టడం అయిపోనీ. మధ్యలో ఏ గొడవైనా లేస్తే పని ఆగిపోతుంది."

ఆ మాటకి నేను అడ్డు చెప్పలేదు. నిజానికి ఆ జవాబు విని నాకు ప్రాణం కుదుటపడింది. నా మీద నాకే అసహ్యం వేసింది కూడా. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆ వేసవిలోనే తెలిసింది.

వానల్లోపు ముగించాలని రాత్రీ పగలూ పని చేయించడంతో ఆ ఒంటి అంతస్తు భవనం చకచకా లేచింది. బల్లలు పరిచే రోజులకి రంగుల పని ఇంకా సాగుతూనే ఉంది. చేతులు చాలక ఇంటిల్లిపాదీ వెళ్లాం. వదినా వచ్చింది. వద్దన్నా వినలేదు. "ఊరికే గోడ చూస్తూ కూర్చోవడం కన్నా నయమే" అని గుడ్డ పట్టుకుని బల్లలకి పాలిష్ పెట్టసాగింది.

ఆ రీడింగ్ హాలు చూసి నేను నోరెళ్లబెట్టాను. నిలువెత్తు కిటికీలు. వెలుతురు నేల మీద పరచినట్టుంది. అట్టపెట్టెల్లో పాత కోర్టు నుంచి తెచ్చిన పుస్తకాలు గోడవారన ఎదురుచూస్తున్నాయి. లైబ్రేరియన్ గారు పెళ్లింటి పెద్దలా ఇటూ అటూ తిరుగుతున్నారు. ఒక బల్లని అరచేత్తో నిమిరి, "నా సర్వీసులో చూస్తాననుకోలేదు మేస్త్రీ గారూ" అని కళ్లు తుడుచుకున్నారు. మంచి మనిషి. ఇప్పటికీ అదే అంటాను. ఆ కన్నీళ్లు అబద్ధం కావు.

మధ్యాహ్నం మా అమ్మాయి మెల్లగా అడిగింది. "అత్తా, నీ ఇల్లు ఎక్కడుండేది ఇందులో?"

నేను దాని చెయ్యి గిల్లబోయాను. వదిన మాత్రం గుడ్డ కింద పెట్టి, కిటికీలోంచి బయటి చెట్టునీ, దూరంగా నీళ్ల ట్యాంకునీ చూసి, లెక్కవేసుకుంటూ నడిచింది. హాలు మధ్యకి వచ్చి ఒకచోట ఆగింది.

"ఇది గుమ్మం. ఇక్కడ మిషను. ఇదిగో, ఈ బల్ల దగ్గర పొయ్యి." అని మేనకోడలి భుజం పట్టుకుని ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది. "నువ్విక్కడ చదువుకో. సాయంత్రం దాకా ఎండ పడదు. వానాకాలం కాస్త గాలి ఎక్కువ, అంతే."

మా ఆయన నిచ్చెన మీదున్నారు. అంతా విన్నారు. చేతిలో ఉన్న మేకు కింద పడింది. దిగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ప్రారంభోత్సవం నాటికి మొదటి వాన పడింది. మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. వదిన తనే కుట్టుకున్న కొత్త రవికె వేసుకుంది. లైబ్రేరియన్ గారు లైబ్రరీ చరిత్ర చదివారు. గుర్రపుశాల అటక, గడ్డి వాసన, బోనులో నిఘంటువులు, తాళ్ల మీద ఆరేసిన పుస్తకాలు. మా ఇంట్లో చెప్పినవే, మరింత అందంగా చెప్పారు. జనం నవ్వారు. చప్పట్లు కొట్టారు.

"చివరకు ఎన్నో ఏళ్లుగా నిరుపయోగంగా పడి ఉన్న ఖాళీ స్థలంలో..." అన్నారు.

వెనక వరుసల్లో కుర్చీ కిర్రుమంది.

"ఖాళీ స్థలం కాదండీ అది."

గడియారాల తాత. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. అంత పెద్ద హాల్లో ఆయన గొంతు సన్నగా వినిపించింది. "ఖాళీ స్థలం కాదు, ఖాళీ చేయించిన స్థలం. చేయించినావిడ అదిగో, ముందు వరుసలోనే ఉంది."

అందరూ మావైపు తిరిగారు. వదిన తల దించుకోలేదు, వెనక్కీ తిరగలేదు. తాతని ఎవరో నెమ్మదిగా బయటికి తీసుకెళ్లారు. ఆ గందరగోళం సర్దడానికే కాబోలు, వేదిక మీదివాళ్లు గబగబా మా ఆయన్ని పిలిచారు. ఇంత అందమైన బల్లలు చేసిన మేస్త్రీ గారు రెండు మాటలు మాట్లాడాలన్నారు.

ఆయన మైకు ముందు నిలబడ్డారు. అక్క ఎదురుగా ఉంది. ఆయన పెదవులు కదిలాయి. చెప్పమని మనసులో అన్నానో, వద్దన్నానో, నాకే తెలియదు.

"నాకీ పని ఇచ్చినందుకు పెద్దలందరికీ ధన్యవాదాలు" అన్నారు. వచ్చి కూర్చున్నారు.

నా చేతులు చప్పట్లు కొట్టాయి. అందరితో పాటే.

బయటికొస్తుంటే లైబ్రేరియన్ గారు ఎదురయ్యారు. వదిన మొహం వైపు కాకుండా ఆవిడ గొడుగు వైపు చూస్తూ, "ప్రసంగానికి చాలా తక్కువ టైమిచ్చారమ్మా. అన్నీ చెప్పడం కుదర్లేదు" అన్నారు.

"బాగా చెప్పారండీ" అంది వదిన.

ఇంటిదారిలో ఒక్క గొడుగు కింద ముగ్గురం సగం తడుస్తూ నడిచాం. సగం దూరం వచ్చాక వదిన అంది, "మైకులో నీ గొంతు చక్కగా వినిపించిందిరా." వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మా ఆయనకి తిండి సయించలేదు. ఏ పని మొదలుపెట్టినా సగంలో వదిలేసేవారు. ఒకరోజు వాన తెరిపిస్తుండగా పనిముట్ల సంచి భుజాన వేసుకున్నారు. "ఎక్కడికి?" అన్నాను. "ఆ కొత్త గదుల తలుపులు వానకి ఉబ్బిపోయాయట, మూతపడటం లేదట" అన్నారు. నేనూ తలుపు బందుల డబ్బా పట్టుకుని వెంట నడిచాను.

ఊరి చివర వరుసగా గదులు. మధ్యలో వెడల్పాటి మట్టి రోడ్డు. ఒక కిటికీలోంచి చెయ్యి చాపితే ఇంకో కిటికీ అందదు. ఆయన ప్రతి ఇంటి ముందూ ఆగారు. తలుపు ఊడదీసి, చిత్రిక పట్టి, మళ్లీ బిగించి, చివర్లో చేతులు దులుపుకుంటూ ఒకే మాట చెప్పారు. "మా అక్క తప్పేం లేదండీ. నాకు పని దొరకాలని మేమే అడిగాం. ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు." కొందరు తిట్టారు. కొందరు విని ఊరుకున్నారు. ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. మేం అడగలేదు.

గడియారాల తాత భూతద్దం తీసి, మొదటిసారి రెండు కళ్లతోనూ మా ఆయన్ని చూశాడు. భూతద్దాన్ని చొక్కాకి తుడిచాడు. ఆఖరికి, "పాపం పిచ్చితల్లి. తమ్ముడని నమ్మింది" అన్నాడు. తర్వాత తన తలుపు వైపు చూపించి, "గడియ బిగుతుగా ఉంది. అదీ చూడు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన నడకే మారిపోయింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే పిలిచారు. "అక్కా! అందరికీ చెప్పేశాను. ఇంక నిన్నెవరూ ఒక్క మాట అనరు."

వదిన అంచు కుడుతోంది. సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"ఎవరినడిగి చెప్పావురా?"

ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. "నీ మీద నింద పోవాలని..."

"ద్రోహి అన్నారు, పడ్డాను. సంతకం నేనే పెట్టాను కాబట్టి ఆ మాట నాదే. నాకు తెలియక పెట్టాననుకున్నావా? నీ పెళ్లాం నోరు తెరవకముందే నాకంతా తెలుసు. నువ్వు చెమ్మ అన్నప్పుడే తెలుసు. తెలిసే సరేనన్నాను. ఏదో ఒకనాడు వాళ్ల దగ్గరికి వెళ్లి, అవును, నా తమ్ముడి కోసం చేశాను, ఏం చేస్తారో చెయ్యండి అని నేనే అందామనుకున్నాను. ఇప్పుడు నాకు అనడానికేం మిగిల్చావు? వాళ్లంతా నన్ను పాపం అంటారు. అమాయకురాలు, నోట్లో వేలు పెడితే కొరకలేదు అంటారు. నీ బరువు నువ్వు దింపుకున్నావు. బాగానే ఉంది. నా నెత్తిన జాలి పెట్టి వచ్చావు."

గొంతు పెంచలేదు. మా ఆయన చిన్నపిల్లాడిలా ఆవిడ మిషను పక్కన నేల మీద కూర్చుండిపోయారు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

నా వైపు తిరిగి, "నాక్కూడా అక్కడొక గది రాసి ఉందిగా, అది అలాగే ఉందేమో కనుక్కోవే" అంది.

వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. మా ఆయన ఆ గదికి కొత్త తలుపు చేసి బిగిస్తానంటే వద్దంది. ఉన్న తలుపు చాలంది. మిషను బండెక్కించడానికి మాత్రం ఒప్పుకుంది.

ఆ వానాకాలం మాకు బాగా గడిచింది. బల్లల అందం చూసి ఇంకో రెండు కాలేజీల వాళ్లు వచ్చారు. మా ఆయన ఇద్దరు పనివాళ్లని పెట్టుకున్నారు. కూనిరాగాలు మాత్రం మళ్లీ వినలేదు. మా అమ్మాయి రోజూ లైబ్రరీకి వెళ్లేది. ఎక్కడ కూర్చుంటున్నావని నేను అడగలేదు, అది చెప్పలేదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు దిండు గలేబుల గుడ్డ కొనుక్కుని వదిన దగ్గరికి వెళ్లాను. నిజానికి నాకు గలేబులు అక్కర్లేదు. గది తలుపు తెరిచి ఉంది. మిషను వెలుతురు వైపు ఉంది. లోపల ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, రోడ్డు దాటి వెళ్లిపోయిన పక్కింటావిడతో సహా. ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వదిన వాళ్లని ఏం చెప్పి ఒప్పించిందో, అసలు ఏమైనా చెప్పిందో లేదో నాకు తెలియదు. నేను గుమ్మంలోకి రాగానే మాటలు ఆగిపోయాయి.

"వదినా, గలేబులు..." అన్నాను గుడ్డ చూపిస్తూ.

వదిన తలెత్తింది. మొహంలో కోపం లేదు. కొత్తగా వచ్చినవాళ్లని ఎలా చూస్తుందో అలాగే చూసి, పక్కనున్న స్టూలు ముందుకు జరిపింది.

"కూర్చోండి. మీకన్నా ముందు ఇంకా ముగ్గురున్నారు" అంది.

నాకు పెళ్లైన నాటి నుంచి ఆవిడ నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. గుడ్డ ఒళ్లో పెట్టుకుని, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను.